‘హిజ్రా’ అంటే ఎవరు? ఒక పేరు మీద తెగని చర్చ

విజయవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రాజమహేంద్రవరం వెళ్లే రైలు మార్గంలో చప్పట్లు చరుస్తూ పెట్టెలోకి వచ్చే మనుషులను చూడని ప్రయాణికుడు అరుదు. ఆ మనిషిని ఎదురుగా ‘అమ్మా’ అని, వెళ్లిపోయాక ‘కొజ్జా’ అని అనేది ఒకే నోరు. మర్నాటి పత్రికలో ఆమె హిజ్రా అవుతుంది, కొంచెం సంస్కారంగా రాయాలనుకున్న విలేకరి చేతిలో బృహన్నల అవుతుంది. సచివాలయం పింఛను జాబితాలో ట్రాన్స్‌జెండర్, 2011 జనగణనలో ‘ఇతరులు’. ఆమె తన గురించి చెప్పుకొనే మాట వీటిలో ఏదీ కాకపోవచ్చు కూడా. ఇన్ని పేర్లలో ఏది సరైనదన్న వాదన పదేళ్లుగా ముదిరి, పదచరిత్ర, చట్టం, వైద్యం, సమాజశాస్త్రం అన్నీ కలగలిసి చిక్కు పడిపోయింది. ఆ చిక్కును పోగు పోగుగా విడదీసి చూస్తే, వాదులాడుకుంటున్నవారు అసలు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదని తెలుస్తుంది.

పాత పేర్లు: లేమిని చెప్పే మాటలు

సంస్కృతం నుంచి తెలుగుకు వచ్చినవి నపుంసకుడు, క్లీబుడు, షండుడు. అమరకోశం మనుష్యవర్గంలో వీటిని ‘తృతీయా ప్రకృతి’తో కలిపి ఒక్కచోటే పేర్చింది. అంటే స్త్రీపురుషులు కాక మూడో స్వభావం ఒకటి ఉందన్న ఊహ మనకు కొత్త కాదు. అయితే ఆ మూడోదాన్ని ఎలా గుర్తుపట్టాలన్న పేచీ కూడా అంతే పాతది. పాణిని సూత్రంపై రాస్తూ పతంజలి, స్తనాలూ జుట్టూ స్త్రీకి గుర్తులు, ఒంటి రోమాలు పురుషుడికి గుర్తు, ఈ రెండూ లేనిది నపుంసకం అన్న లక్షణాన్ని ముందుకు తెచ్చి, వ్యాకరణానికి అది చాలదని తేల్చాడు. సుశ్రుతుడు లైంగిక సామర్థ్యాన్ని బట్టి షండులలో రకాలు విడదీశాడు. జైన పండితులు శరీర లింగం వేరు, మనసులోని కాంక్ష వేరు అని శతాబ్దాల పాటు వాదించారు. లెనార్డ్ జ్విలింగ్, మైకేల్ స్వీట్ అనే పరిశోధకులు 1996లో ఈ జైన చర్చను వెలికితీసి చూపాక, దేహానికీ స్వభావానికీ తేడా పాశ్చాత్యులు నేర్పిందనే మాట నిలబడలేదు.

తెలుగు గడ్డ మీద పుట్టిన మాట పేడి. తమిళంలోనూ కన్నడంలోనూ దీనికి చుట్టాలున్నాయి. కన్నడంలో ఇది ‘హేడి’ అయి ఇవాళ పిరికివాడనే అర్థంలో మిగిలింది. మలయాళంలో ‘పేడి’ అంటే భయం. తెలుగులో గడ్డం, మీసం రాని ముఖాన్ని ‘పేడిమూతి’ అంటారు. మగతనం లేమిని చెప్పిన మాట భయానికి పేరైందా, భయానికి ఉన్న పేరే మగతనం లేనివాడికి తగులుకుందా అన్నది భాషావేత్తలు తేల్చుకోవలసిన సంగతి. ఏ దారిన వచ్చినా ఈ మాటలో నింద మొదటి నుంచీ ఉంది. ‘నపుంసకుడు’ విషయంలో ఇంకో చిత్రం ఉంది. పురుషుడు కానివాడని అర్థమిచ్చే మాటకు పురుషవాచకమైన ‘డు’ తగిలించి వాడుతున్నాం. తెలుగు వ్యాకరణం ఏకవచనంలో మగవాణ్ని ఒక వైపు పెట్టి, ఆడదాన్నీ ఆవునూ రాయినీ ‘వచ్చింది’ అనే ఒకే క్రియ కింద మరో వైపు పెట్టింది. మగ, మగ కానిది అన్నదే ఆ గీత. పాత పేర్లన్నీ ఆ గీత మీద నిలబడి పుట్టినవే.

అందుకే వాటిలో ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. ఆడపిల్లగా పుట్టి, తాను మగవాణ్నని నమ్మి, అలాగే బతికే మనిషికి పాత తెలుగులో పేరు లేదు. ‘మగరాయుడు’ అంటాం కానీ అది నడతను వెక్కిరించే, ఒక్కోసారి మెచ్చుకొనే మాట. ఉనికికి పేరు కాదు. మగతనం పోగొట్టుకోవడం సమాజానికి ఒక సమస్యగా కనిపించింది కనుక దానికి డజను పేర్లు పుట్టాయి. మగతనాన్ని కోరుకున్న స్త్రీ దేహం ఎవరి లెక్కలోకీ రాలేదు.

బృహన్నల సంగతి వేరు. అర్జునుడు బృహన్నలగా మారే విరాటపర్వంతోనే తిక్కన తన భారత రచనను మొదలుపెట్టాడు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ ఆ వేషం కట్టాక ఆ పేరు తెలుగిళ్లలో మరింతగా పాతుకుపోయింది. పత్రికలు దాన్ని గౌరవవాచకంగా ఎత్తుకున్నాయి. ఉద్దేశం మంచిదే, పేరు మాత్రం అతకదు. బృహన్నల శాపం ఏడాదితో తీరిపోతుంది, ఆ తర్వాత గాండీవం పట్టినవాడు అర్జునుడే. ఒక మనిషి ఉనికిని తాత్కాలిక వేషంగా చూపే పేరు అది. వేషాన్ని మనం ఎప్పుడూ గౌరవించాం. స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీ పాత్రలు ధరిస్తే చేతులెత్తి మొక్కాం. వేషం తీయని మనిషి దగ్గరే మనకు ఇబ్బంది.

ఫారసీ దారిన వచ్చినవి

ఏలూరు సీమ శతాబ్దాలపాటు ఫారసీ పాలనాభాషగా ఉన్న రాజ్యాల కింద ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీలు, 1687 తర్వాత మొగలులు, ఆపైన నిజాం, 1753లో ఫ్రెంచివారు, 1766 ఒప్పందంతో ఇంగ్లీషువారు. ఏలూరు సర్కారు అనే పేరే ఆ కాలపు మిగులు. ఊరికి పేరు తెచ్చిన తివాచీల నేతను కూడా పర్షియా నుంచి వచ్చినవారే నేర్పారని చెబుతారు. కచేరీ, జమీను, దస్తావేజు వంటి మాటలతో పాటు అదే దారిన దిగింది కొజ్జా. ఫారసీలో ‘ఖ్వాజా’ అంటే ప్రభువు, పెద్దమనిషి. అంతఃపురాల్లో అధికారం చేసే నపుంసక ఉద్యోగులను మర్యాదగా ‘ఖ్వాజా సరా’ అనేవారు. అది ఉత్తరాదిలో ఖోజా అయి, తెలుగు నోట అచ్చు కురచై, హల్లు ద్విత్వమై కొజ్జా అయింది. దర్బారులో బిరుదుగా ఉన్న మాట కొల్లేటి లంకల దాకా వచ్చేసరికి తిట్టుగా దిగజారింది. పేరు మర్యాదగా పుట్టినంత మాత్రాన మర్యాదగా ఉండిపోదని ఈ ఒక్క మాట చాలు చెప్పడానికి.

హిజ్రా మాట మీద మాత్రం పదచరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఎక్కువ మంది నోట వినిపించేది అరబ్బీ వాదం. ‘హిజ్రత్’ అంటే వలస, ఉన్నచోటు విడిచిపోవడం. 622లో ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళ్లిన ఘటన పేరిట హిజ్రీ శకం ఏర్పడింది. ఇల్లూ కులమూ విడిచి జమాత్ అనే తమ సమూహంలో చేరేవారు కనుక హిజ్రాలయ్యారని ఈ వాదం. రెండోది ఫారసీ వాదం. ‘హీజ్’ అంటే ఆడంగితనం గల మగవాడు. ‘ఏమీ లేదు’ అనే అర్థం గల ‘హీచ్’ నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు గానీ, ఆ వాదానికి బలం తక్కువ.

మొదటి రెంటిలో ఫారసీ వాదం వైపే సాక్ష్యం మొగ్గుతుంది. హిందీ, ఉర్దూల్లో ఈ మాట ‘హిజ్‌డా’కు దగ్గరగా, నాలుక మడిచి పలికే మూర్ధన్యాక్షరంతో ఉంటుంది. ఆ ధ్వని అరబ్బీలో లేదు. అరబ్బీ నుంచి హిందుస్తానీలోకి వచ్చిన ‘హిజ్రత్’ తన మామూలు రేఫను నిలుపుకొంది, హిజ్‌డాగా మారలేదు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ‘జ్రా’ అయిపోయి ఆ తేడా చెరిగిపోయింది. అందువల్లే వలస కథ తెలుగువారికి మరీ నమ్మదగినదిగా కనిపిస్తుంది. అయితే ఆ కథను కొట్టిపారేయలేం. ఇల్లు విడిచి రావడమే తమ జీవితానికి మొదటి అధ్యాయమైనవారు ఆ వ్యుత్పత్తిని తమదిగా చెప్పుకుంటే అది మాట పుట్టుకకు సాక్ష్యం కాదు, మాటకు వారిచ్చుకున్న అర్థానికి సాక్ష్యం. పదచరిత్ర రచయితలు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు.

చట్టం గీసిన గీతలు

వలస పాలకులకు ఈ సందేహాలేవీ లేవు. 1871 నేరస్థ తెగల చట్టం రెండో భాగం ఇంగ్లీషులో ‘యూనక్’ అనే మాట వాడి, తాను నపుంసకుణ్నని ఒప్పుకున్న లేదా వైద్య పరీక్షలో అలా తేలిన మగవాడని దానికి అర్థం చెప్పింది. పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, బహిరంగంగా స్త్రీ వేషంలో కనిపిస్తే శిక్షించడం దాని పని. ఉత్తర భారతంలో దీని అమలును జెస్సికా హించీ 2019 నాటి తన పుస్తకంలో వివరంగా పరిశీలించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కృష్ణా, గోదావరి ప్రాంతాలకు మొదట ఆ చట్టం రాలేదు. నిజాం రాజ్యం మాత్రం 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, అదే అచ్చులో సొంత చట్టం చేసుకుంది. 1956లో రెండు తెలుగు ప్రాంతాలు కలిశాక కూడా ఆ చట్టం తెలంగాణ ప్రాంతానికి అలాగే మిగిలింది. ఫలితంగా ఒకే రాష్ట్రంలో, ఒకే మనిషి ఆంధ్ర ప్రాంతంలో మామూలు పౌరుడు, తెలంగాణ ప్రాంతంలో పుట్టుకతో అనుమానితుడు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా ఆ కాగితం బతికే ఉంది.

2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఈ చూపును తలకిందులు చేసింది. ఎవరి లింగ గుర్తింపు ఏమిటో చెప్పే హక్కు ఆ మనిషిదే, శస్త్రచికిత్స జరిగిందా లేదా అన్నది షరతు కారాదు అని తేల్చింది. హిజ్రాలు, కోతీలు, అరవాణీలు, జోగప్పలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని శివశక్తులనూ తీర్పు పేర్కొంది. 2019లో పార్లమెంటు చట్టం చేసేటప్పుడు నిర్వచనంలో కిన్నర్, హిజ్రా, అరవాణీ, జోగ్తా అనే సాంస్కృతిక సమూహాలను చేర్చింది, పుట్టుకతోనే శరీర లక్షణాలు భిన్నంగా ఉన్న ఇంటర్‌సెక్స్ వ్యక్తులనూ అందులోనే కలిపింది. జిల్లా మెజిస్ట్రేటు ధ్రువపత్రం పెట్టింది. సొంత మాట చాలన్న తీర్పుకూ, పత్రం కావాలన్న చట్టానికీ మధ్య పడిన పీటముడి ఈ చర్చలో నేటి అసలు కేంద్రం.

లెక్కల్లోనూ ఇదే గందరగోళం. 2011 జనగణన తొలిసారి ‘ఇతరులు’ అనే గడి పెట్టి దేశం మొత్తం మీద 4,87,803 మందిని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మందిని చూపింది. దేశపు లెక్కలో 54,854 మంది ఆరేళ్ల లోపు పిల్లలు. ఆ పసివాళ్లు తమ గుర్తింపు తాము చెప్పుకొని ఉండరు. ఇంట్లో పెద్దలు దేన్ని చూసి ఆ గడిలో వేయించారో ఊహించుకోవలసిందే. అందులో లెక్కించినది దేహాన్నా, సమూహాన్నా, గుర్తింపునా అన్నది ఆ అంకె చెప్పదు. అయినా ప్రతి వ్యాసంలోనూ దాన్ని ‘ట్రాన్స్‌జెండర్ల జనాభా’ అని రాసేస్తున్నారు.

పరిశోధకుల మధ్య పేచీ

సెరీనా నందా 1990లో వెలువరించిన పుస్తకం హిజ్రాలను ప్రపంచ విద్యారంగానికి ‘మూడో జెండర్’గా పరిచయం చేసింది. గుజరాత్‌లోని బహుచర మాత ఆరాధన, త్యాగంతో వచ్చే ఆశీర్వాద శక్తి, పెళ్లిళ్లకూ బిడ్డలు పుట్టిన ఇళ్లకూ వెళ్లే హక్కు ఆమె చూపిన చిత్రంలో ప్రధానం. ఆడా మగా అనే రెండు గళ్లతో విసిగిన పాశ్చాత్య పాఠకులకు అది ఎంతో నచ్చింది. అదే దాని లోపం కూడా. భారతదేశం మూడోదాన్ని ఆదరించిన పుణ్యభూమిగా కనిపించింది, రైల్వే పట్టాల పక్క బతుకు మసకబారింది.

గాయత్రీ రెడ్డి 2005 పుస్తకం తెలుగువారికి మరింత దగ్గరిది. హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల మధ్య చేసిన పరిశోధన అది. హిజ్రా అనే గుర్తింపును లింగంతో మాత్రమే కొలవలేమని ఆమె వాదం. మతం, చుట్టరికం, వర్గం, అన్నిటికీ మించి ‘ఇజ్జత్’ అనే పరువు ఆ గుర్తింపును నిర్ణయిస్తాయి. కోతీలనే పెద్ద కుటుంబంలో హిజ్రాలు ఒక శాఖ. జెనానాలు, ప్యాంటూ చొక్కా తొడిగే ‘కడా చాట్లా’ కోతీలు, జోగిన్‌లు, శివసత్తులు మిగతా శాఖలు. వీరందరిలో పరువు మెట్ల వరుస ఉంది. గురువు, చేలా (శిష్యులు), జమాత్, రీత్ (చేరిక సంప్రదాయం) అనే కట్టుబాట్ల లోపల ఉన్నవారే హిజ్రాలు. స్త్రీ దుస్తులు ధరించినంత మాత్రాన, శస్త్రచికిత్స చేయించుకున్నంత మాత్రాన ఎవరూ హిజ్రా అయిపోరు.

మూడో పాయ 2014లో అనిరుద్ధ దత్తా, రైనా రాయ్ కలిసి రాసిన వ్యాసంతో బలపడింది. ‘ట్రాన్స్‌జెండర్’ అనే పెద్ద గొడుగు ఎయిడ్స్ నివారణ నిధులతో, స్వచ్ఛంద సంస్థల పత్రాలతో ఇక్కడికి దిగి, స్థానిక పేర్లను తనకు ‘ప్రాంతీయ రూపాలు’గా కుదించేసిందని వారి ఫిర్యాదు. ‘ట్రాన్స్‌జెండర్’ అనే మాటకూ పెద్ద వయసు లేదు. అమెరికాలో 1965లో ఒక వైద్య గ్రంథంలో దాని రూపం ఒకటి కనిపించి, 1990లలో ఉద్యమకారుల చేతిలో అందరినీ కలిపే పేరైంది. ఫిర్యాదులో నిజం ఉంది. కానీ ఆ గొడుగు కింద చోటు దొరికాకే ట్రాన్స్ పురుషులు మన దేశంలో తొలిసారి ఒక పేరుతో కాగితం మీదికి వచ్చారు. స్థానిక పేర్లలో వారికి చోటే లేదు.

పక్కపక్కన పెడితే

భాషావేత్తకు హిజ్రా ఒక ఫారసీ మాట. పాత చట్టానికి అది సామర్థ్యం లేని మగ దేహం. నందాకు మూడో జెండర్, గాయత్రీ రెడ్డికి పరువుతో కట్టిన సమూహం, 2014 తీర్పుకు సొంతంగా చెప్పుకొనే గుర్తింపులలో ఒకటి. మొదటిది మాట ఎక్కడిదని అడుగుతోంది, రెండోది దేహం ఎలాంటిదని, మూడోది ఎన్ని జెండర్లని, నాలుగోది ఎవరి మనిషివని, అయిదోది నువ్వెవరని. వీటిలో మాట పుట్టుక నేటి వాడుకను నిర్ణయించలేదు, కొజ్జా కథే అందుకు రుజువు. దేహ పరీక్షను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మిగిలినవాటిలో తెలుగు నేల మీద దొరికిన సాక్ష్యం గాయత్రీ రెడ్డి వైపు బలంగా ఉంది. హిజ్రా ఒక సంప్రదాయ సమూహం పేరు. లింగ గుర్తింపు మొత్తానికి పేరు కాదు. ట్రాన్స్‌జెండర్ అని రాయవలసిన చోట హిజ్రా అనీ, హిజ్రా అనవలసిన చోట ట్రాన్స్‌జెండర్ అనీ రాయడం రెండూ తప్పే.

అభ్యంతరాలు

అచ్చమైన తెలుగు మాట ఉండగా ఇంగ్లీషు దేనికన్నది మొదటి అభ్యంతరం. ఆ అచ్చ తెలుగు మాట పేడి. దాన్ని నెత్తిన పెట్టుకుంటామని ఆ మనుషులు కోరితే ఎవరూ కాదనకూడదు, వారి తరఫున మనం కోరే హక్కు మాత్రం మనకు లేదు. హిజ్రా కూడా పరాయిదే, కొజ్జా కూడా పరాయిదే. రైలునూ టిక్కెట్టునూ మనవి చేసుకున్న భాష ట్రాన్స్‌జెండర్ దగ్గర మాత్రమే శుద్ధి పాటించనక్కర్లేదు.

రెండోది ఇంతకంటే గట్టిది. తృతీయ ప్రకృతి ప్రాచీనం, గౌరవప్రదం, దాన్నే వాడితే ఏమని. మాటలో నింద లేదన్నది నిజమే. కానీ తాను స్త్రీననే చెప్పే ట్రాన్స్ మహిళను అది బలవంతంగా మూడో వరుసలో కూర్చోబెడుతుంది. తమిళనాడు అనుభవం దగ్గర్లోనే ఉంది. అక్కడ కరుణానిధి హయాంలో ‘తిరునంగై’ అనే గౌరవ నామం నిలదొక్కుకుంది. తర్వాతి ప్రభుత్వం ‘మూడో లింగం వారు’ అనే అర్థంలో మరో మాటను ముందుకు తెస్తే ఆ సమూహం నుంచే వ్యతిరేకత వచ్చింది. 2022లో అక్కడి ప్రభుత్వం పదకోశాన్ని గెజిట్‌లోనే ప్రకటించింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి పని జరిగినట్టు కనిపించదు.

పేరు మారితే కడుపు నిండుతుందా అన్నది మూడో అభ్యంతరం. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ విధానాన్ని ఆమోదించి నెలకు 1,500 రూపాయల పింఛను ప్రకటించింది, 2024లో అది 4,000 అయింది. ఆ పింఛను ఎవరికి వస్తుందో నిర్ణయించేది ఆ పేరు కింద ఎవరు వస్తారన్న అవగాహనే. ట్రాన్స్‌జెండర్ అంటే చీర కట్టి చప్పట్లు కొట్టేవారేనని కౌంటరు దగ్గరున్న ఉద్యోగి అనుకుంటే, చొక్కా తొడిగి చేపల చెరువు దగ్గర కూలికి వెళ్లే ట్రాన్స్ పురుషుడు వెనక్కి తిరిగి వస్తాడు. పేరు ఇక్కడ అన్నానికి నేరుగా ముడిపడి ఉంది.

తేలనివి

ఇంటర్‌సెక్స్ వ్యక్తులను ట్రాన్స్‌జెండర్ నిర్వచనంలో కలపడం సరైనదా అన్నది తేలలేదు. ఇక్కడ నా మొగ్గు వేరు చేయాలనేవారి వైపే, ఎందుకంటే మొదటిది దేహ నిర్మాణం, రెండోది గుర్తింపు. జమాత్ కట్టుబాట్లు ఆశ్రయమా, మరో రకం అధికారమా అన్న వాదన హిజ్రాల లోపలే నడుస్తోంది, దాన్ని బయటివారు తీర్పుతో ముగించలేరు. శివసత్తులు, జోగప్పల సంప్రదాయాలు ఎక్కువగా తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక వైపువి. కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా గోదావరి, కొల్లేటి సీమలో ఈ మనుషుల చరిత్ర గురించి హైదరాబాద్ మీద జరిగినంత పరిశోధన జరగలేదు. విశ్వవిద్యాలయాల్లోని తెలుగు, సామాజిక శాస్త్ర శాఖలు చేయదగిన పని ఇది.

అంతదాకా ఆగనక్కర్లేని పని మాత్రం ఒకటుంది. ఏలూరు, భీమవరం కలెక్టరేట్లూ జిల్లా పత్రికల డెస్కులూ చట్టానికి సంబంధించిన చోట ‘ట్రాన్స్‌జెండర్ వ్యక్తి’ అని, ఆ మనిషి చెప్పినదాన్ని బట్టి ట్రాన్స్ మహిళ లేదా ట్రాన్స్ పురుషుడు అని, జమాత్‌కు చెందినవారు తమను అలా చెప్పుకున్నప్పుడే ‘హిజ్రా’ అని రాయాలి. బృహన్నలను భారతానికి, కొజ్జాను నిఘంటువుకు వదిలేయాలి.